సెల్‌లో కనిపించే ధర నా మిర్చి టిక్కీలకు (బస్తాలకు) ఎందుకు పడదు?

ప్రశ్న: పల్నాడు జిల్లాలో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని తేజ మిర్చి వేశాను. పెట్టుబడి గుంటూరులో కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చాను కాబట్టి సరుకు ఆయన కొట్టుకే వేయాలి. ఈ-నామ్ (కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) వచ్చాక దేశంలో ఎవరైనా కొనొచ్చన్నారు. రోజూ సెల్‌లో ధర చూస్తున్నా, నాకు మాత్రం ఆ ధర పడట్లేదు. తేడా ఎక్కడ?
– ఒక కౌలు రైతు

జవాబు: తేడా రెండు చోట్ల ఉంది తమ్ముడూ. చిన్నది ముందు చెబుతాను. అందరి కళ్లూ గరిష్ఠ ధర మీదే పడతాయి. దాని పక్కనే కనిష్ఠ ధర, మోడల్ ధర కూడా ఉంటాయి. ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది మోడల్ ధర. మీరు పోల్చుకోవలసింది దాంతో. రంగు నిలిచి, బాగా ఆరి, తాలు (రంగు చెడిన కాయ) లేని కొద్ది లాట్లకే గరిష్ఠం పడుతుంది. కల్లంలోనే తాలు ఏరి విడిగా అమ్మండి. కాయ విరగకుండా నీళ్లు చల్లి తొక్కే అలవాటుంటే మానండి. తడి సరుకుకు బూజు పడుతుంది, ఎగుమతికి కొనేవాడు దగ్గరికే రాడు.

ఇక పెద్ద తేడా మీ ఉత్తరంలో రెండో వాక్యంలోనే ఉంది. ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో మొదలైంది. అది వేలంపాట పాడేవాళ్లను పెంచగలదేమో కానీ మీ బాకీ తీర్చదు. సరుకు ఏ రోజు అమ్మాలి, ఎవరికి అమ్మాలి అన్నది అప్పిచ్చినవాడు తేలుస్తుంటే సెల్‌లో ధర చూసి ఏం లాభం? అలాగని ఆ వ్యాపారిని తిట్టమనను. పట్టా లేదని బ్యాంకు వెనక్కి పంపినప్పుడు డబ్బు పెట్టింది ఆయనే. ఆ పని బ్యాంకు చేసేదాకా ఎన్ని యాప్‌లు వచ్చినా మీ సరుకు ఆ కొట్టుకే వెళుతుందని నా అభిప్రాయం.

మిర్చికి ధాన్యంలాగా కేంద్రం ఏటా ప్రకటించే మద్దతు ధర లేదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయాక కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది, అదీ పంటలో కొంత భాగానికే. కాబట్టి కొన్నాళ్లు ఆగగలిగే శక్తి మీకు మీరే సంపాదించుకోవాలి.

సరుకు ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టేటట్లయితే బాండు (సరుకు దాచినట్టు వాళ్లిచ్చే కాగితం) ఎవరి పేరున రాస్తున్నారో చూడండి. వ్యాపారి పేరున ఉంటే కాయ మీదే అయినా కాగితం ఆయనదే. మీ పేరున ఉండి, ఆ కోల్డ్ స్టోరేజీ గిడ్డంగుల నియంత్రణ సంస్థ దగ్గర నమోదై ఉంటే, వాళ్లిచ్చే ఎలక్ట్రానిక్ రసీదు మీద బ్యాంకులో అప్పు అడగొచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న చిన్న, సన్నకారు రైతులకు పంట చేతికొచ్చాక ఆరు నెలల దాకా ఆ అప్పు మీద వడ్డీ రాయితీ కూడా ఉంది. ఆ డబ్బుతో పాత బాకీ కొంతైనా తీర్చొచ్చు. కానీ సరుకంతా పెట్టకండి. అద్దె, వడ్డీ కలుపుకుంటే ఆగినవాడు మునిగిన సంవత్సరాలూ ఉన్నాయి. సగం అమ్మి, సగం ఆపండి.

వచ్చే పంటకు ఇప్పుడే కదలాలి. కౌలు కార్డు (కౌలు రైతుగా గుర్తిస్తూ ప్రభుత్వం ఇచ్చేది) తీసుకోండి. దానికి సంతకం పెట్టడానికి పొలం యజమాని వెనకాడితే, నలుగురి నుంచి పదిమంది కౌలు రైతులు కలిసి ఉమ్మడి బాధ్యత సంఘంగా (ఒకరి అప్పుకు అందరూ పూచీ ఉండే గుంపుగా) బ్యాంకుకు వెళ్లండి. మొదటి ఏడాది ఇచ్చేది తక్కువే, ఎరువులకు సరిపోయినా ఆ మేరకు వ్యాపారి దగ్గర తగ్గుతుంది.

చివరగా పట్టీ (అమ్మకం లెక్క రాసిచ్చే కాగితం) సంగతి. తూకం, ధర, కమీషన్, హమాలీ, వడ్డీ ఏ లైనుకా లైను విడిగా రాయించుకోండి. వడ్డీని ధరలో కలిపి కోసేస్తే మీకు నష్టం ఎక్కడొచ్చిందో ఎప్పటికీ తెలియదు. మార్కెట్ సెస్సు కొనేవాడు కట్టాల్సింది, మీ పట్టీలో పడకూడదు. పడితే ఆ పట్టీ జెరాక్సు జతచేసి మార్కెట్ కమిటీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి.