వంతు నీళ్లు

ప్రశ్న: ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా బతకడమే కదా స్వేచ్ఛ? సంఘం మనిషిని కట్టేస్తోంది కదా?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీది కోనసీమే కాబట్టి కాలవ భాషలో చెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకుముందు గోదారికి అడ్డూ ఆపూ లేదు, మనవాళ్లకేమో అయితే వరద, లేకపోతే కరువు. ఏటిని కట్టాకే ఇక్కడ మనిషికి కాస్త ఊపిరాడింది. కట్టు అన్నదల్లా సంకెల కాదు.

అయితే ఇది సగం మాటే. మాది కాలవ చివరి వైపున్న శివారు పొలం, ఎకరంన్నర. దాళ్వాలో, అంటే రెండో పంటలో, మా నీళ్ల వంతు వచ్చేసరికి పైవాళ్లు రాత్రిపూట గోనెసంచుల్లో మట్టి నింపి బోదెకి, అదే పొలాల్లోకి నీళ్లు తెచ్చే పిల్లకాలవకి, అడ్డం వేసేవారు. మా మడి నెర్రెలిచ్చేది. నాన్న వాళ్లని తిట్టని తిట్టు లేదు. ఓ రాత్రి బేటరీ లైటు పట్టుకోమని నన్ను వెంట తీసుకెళ్లాడు. సంచులు లాగేశాడు. తెల్లారగట్లకి మా చేను తడిసింది. ఆ తర్వాత అవే సంచులు, నీళ్లు కారుతుండగా భుజాన మోసుకొచ్చి, మా కింద పొలం ఆయన బోదెకి నాన్నే అడ్డం పెట్టాడు. నా మొహం చూడకుండా "లైటార్పరా" అన్నాడు. అప్పటికి నాకు పదకొండేళ్లు.

మీరన్న స్వేచ్ఛ ఆ రాత్రి నాన్నకి నిండుగా ఉంది. అడిగే లస్కరు, అదే కాలవ కాపలాదారు, ఇంట్లో నిద్రపోతున్నాడు. మరి లైటెందుకు ఆర్పమన్నాడంటారు? ఈసారి మీరు రాయండి.