నోటుబుక్‌లో ఐడియాలున్నాయి సరే, ఆట ఏదండీ?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. గేమ్ డిజైనర్ అవుతానంటున్నాడు. రెండు నోటుబుక్‌ల నిండా ఐడియాలు రాశాడు. ఎవరైనా కొట్టేస్తారేమోనని నేనే ఎవరికీ చూపించొద్దన్నాను. బీటెక్ సీఎస్‌ఈలో చేర్చాలా, లక్షల ఫీజు అడుగుతున్న గేమింగ్ కోర్సులోనా? - ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ నోటుబుక్‌లు బీరువాలోంచి తీయండి. ఉత్త ఐడియాకు కాపీరైట్ ఉండదు, దాన్ని కొనేవాళ్లూ ఉండరు. స్టూడియోలో పనిచేసే ప్రతి ఒక్కరి దగ్గరా ఐడియాలుంటాయి. బయటివాళ్లు పంపేవి కంపెనీలు సాధారణంగా చదవనే చదవవు, రేపు తగాదాలొస్తాయని. మీరు దాచింది నిధి అనుకున్నారు. నిజానికి అబ్బాయికి నలుగురి నుంచి దొరకాల్సిన సలహాలకే అడ్డుపడ్డారు.

డిజైనర్ పనేమిటో దగ్గరగా చూపిస్తాను. పోయిన వేసవిలో ఒకబ్బాయి నా టేబుల్ మీద చాక్‌పీసుతో అష్టాచమ్మా గళ్లు గీశాడు. ఎదుటివాళ్ల కాయను చంపితేనే లోపలి గళ్లలోకి వెళ్లాలన్న నియమం తీసేశాడు, ఆట త్వరగా అయిపోతుందని. చెల్లెలితో ఆడాడు. పది నిమిషాలకే ఆ పాప గవ్వలు వదిలేసి ఫోన్ అందుకుంది. చంపే అవసరం లేకపోయేసరికి ఎవరి దారిన వాళ్లు పోతున్నారు, భయం లేదు, పంతం లేదు. వాడు నియమం మళ్లీ పెట్టి, చచ్చిన కాయ సగం దారిలో లేచేలా మార్చాడు. ఈసారి పాప అన్నతో గొడవపడింది, కానీ లేవలేదు. ఆ మధ్యాహ్నం వాడు చేసింది గేమ్ డిజైన్. కంప్యూటర్ మీదా ఇదే పని. శత్రువు మూడు దెబ్బలకు పడాలా, నాలుగింటికా అని రోజుల తరబడి మార్చి చూడటం.

ఇక కోర్సు. నాకు అనుమానాలున్నాయి, దాచను. ఫ్రెషర్‌ను నేరుగా డిజైనర్‌గా తీసుకునే ఉద్యోగాలు తక్కువ. ప్రోగ్రామర్‌గానో ఆర్టిస్ట్‌గానో టెస్టర్‌గానో చేరి అటు మళ్లినవాళ్లు చాలామంది. గేమింగ్ మార్కెట్ ఇన్ని వేల కోట్లని బ్రోషర్‌లో వేస్తారు. అందులో పందేల ఆటల సొమ్మెంతో అడగండి. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధించింది. ఆ కోర్సు విద్యార్థులు చేసిన గేమ్‌లు అడిగి ఆడి చూడండి. చూపించకపోతే ఫీజు కట్టకండి.

కోడింగ్ ఇష్టమైతే సీఎస్‌ఈ మంచిదే. బొమ్మలు వేసే చెయ్యి అయితే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ (డిజైన్ డిగ్రీ) ఉంది. డిగ్రీ తర్వాత బెంగళూరు ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎండెస్ (డిజైన్ పీజీ) ఉంది. ఏది తీసుకున్నా ఈ ఇష్టం చెడిపోదు.

మీ అసలు టెన్షన్ కోర్సు గురించి కాదని నాకు అర్థమైంది. పిల్లాడు ఆటల్లో పడి పాడైపోతాడేమోనని. రెండు నోటుబుక్‌లు కూర్చుని రాసినవాడు ఊరికే పాడవడు, భయపడకండి. గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో ఇంజిన్ (Godot) పూర్తిగా ఉచితం. ఈ సెలవుల్లో ఒక్క ఐడియా తీసుకుని మూడు నిమిషాల ఆటగా చేయమనండి. పూర్తయ్యాక మొదట మీరే ఆడండి. ఎక్కడ విసుగు పుట్టిందో, ఎక్కడ అర్థం కాలేదో ఉన్నదున్నట్టు చెప్పండి. "బాగుంది నాన్నా" అని మాత్రం లేచిపోకండి.