టెక్ సందేహాలు: చలాన్ పేరుతో వచ్చిన ఫైల్ నొక్కేశారా?

ప్రశ్న: నాన్నగారికి కాలనీ వాట్సాప్ గ్రూపులో, తెలిసినవాళ్ల నంబర్ నుంచే ‘ఆర్టీవో చలాన్’ అని ఒక ఫైల్ వచ్చింది. రోజూ స్కూటర్ మీద ఎన్ఏడీ జంక్షన్ మీదుగా వెళ్తారు కదా, నిజంగానే ఫైన్ పడిందేమోనని ఇన్‌స్టాల్ చేసేశారు. ఇప్పుడు ఆ యాప్ ఎక్కడా కనబడట్లేదు. యూపీఐ పిన్ మారిస్తే సరిపోతుందాండీ?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: సరిపోదండీ. ఆ ఫోన్‌లోనే మార్చడమైతే అస్సలు వద్దు. ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ వేయండి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి, సిమ్ తీసి ఇంట్లో ఇంకో ఫోన్‌లో వేయండి. ఆ రెండో ఫోన్ నుంచే బ్యాంకుకి కాల్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డులు ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పండి. రేపు బ్రాంచికి వెళ్లి అడుగుదాంలే అని ఆగొద్దు. ఎందుకంటే రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పొరపాటు మనదే అయినా బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయే డబ్బుకి బాధ్యత బ్యాంకుదే, చెప్పకముందు పోయింది మాత్రం మన నెత్తినే.

అసలు జరిగిందేంటంటే, చలాన్ అయితే ఫొటోనో పీడీఎఫ్‌నో అయి ఉండాలి, కానీ ఆ ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉండి ఉంటుంది, అంటే అది ఆండ్రాయిడ్ యాప్. నొక్కగానే ‘తెలియని యాప్’ అని ఫోన్ ఒకసారి ఆపుతుంది. ఆ తర్వాత మెసేజ్‌లు చదవొచ్చా అని చిన్న పెట్టె వస్తుంది. అక్కడ ‘అనుమతించు’ నొక్కారంటే, బ్యాంకు ఓటీపీ నాన్నగారు చూసేలోపే అవతలివాడికి వెళ్లిపోతుంది. చాలా వాటిలో ఐకాన్ కూడా మాయమవుతుంది, యాప్ మాత్రం లోపలే పనిచేస్తూ ఉంటుంది. గ్రూపులో పంపిన ఆయన ఫోన్‌కీ బహుశా ఇదే జరిగి ఉంటుంది, ఆయనకి ఫోన్ చేసి చెప్పండి, గ్రూపులో ఆ ఫైల్ తీయించండి.

సెట్టింగ్స్‌లో వెతికి ఆ యాప్ తీసేయొచ్చు గానీ, నేనైతే ఫొటోలు, కాంటాక్టులు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తాను. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు ఆ తర్వాతే మార్చండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’లో తెలియనివి ఉంటే తీసేసి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. నిజంగా చలాన్ ఉందో లేదో ప్రభుత్వ పరివాహన్ ఈ-చలాన్ సైట్లో బండి వివరాలు కొడితే తెలుస్తుంది.

ఇంకొక్క మాట, నాన్నగారిని దయచేసి కోప్పడకండి. తిడతారని భయపడి ఇంట్లో చెప్పకుండా దాచిన గంటల్లోనే ఖాతాలు ఖాళీ అవుతున్నాయి.

ప్రశ్న: ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఫోన్ చార్జింగ్ పెడితే డేటా పోతుందా?
– మధురవాడ నుంచి

జవాబు: మామూలు ప్లగ్‌లో మీ చార్జర్ పెట్టుకుంటే ఏ టెన్షనూ లేదు. నేరుగా యూఎస్‌బీ రంధ్రంలో కేబుల్ పెట్టినప్పుడు డేటా ఇవ్వాలా అని ఫోన్ అడిగితే వద్దని నొక్కండి, చార్జింగ్ మామూలుగానే ఎక్కుతుంది.