మాంట్రియల్ ఉద్యోగానికి ఏడాది డిప్లొమా చాలదు

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఆఖరి ఏడాదిలో ఉంది. విమానాల భద్రతపై దేశాలు చేసుకునే ఒప్పందాల మీద పనిచేస్తానంటోంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏవియేషన్ సెక్యూరిటీ డిప్లొమాకు మూడు లక్షలు అడుగుతున్నారు. అది చేస్తే ఐకావోలో (మాంట్రియల్‌లో ఉన్న ఐక్యరాజ్యసమితి పౌర విమానయాన సంస్థ) ఉద్యోగం ఖాయమట. డిప్లొమా మంచిదా, లా మంచిదా? 'సెక్యూరిటీ ఉద్యోగమా' అని చుట్టాలు నవ్వుతున్నారు.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: చుట్టాల సంగతి చివర్న రాశారు గానీ, మీ అసలు టెన్షన్ అదేనని అర్థమైంది. ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

1985 జూన్‌లో వాంకోవర్ విమానాశ్రయంలో ఒకతను సూట్‌కేసు చెకిన్ చేసి, తను మాత్రం విమానం ఎక్కలేదు. ఆ పెట్టె టొరంటోలో ఎయిర్ ఇండియా కనిష్క విమానంలోకి చేరింది. ఐర్లాండ్ తీరం దగ్గర బాంబు పేలి 329 మంది పోయారు. ఈరోజు శంషాబాద్‌లో ప్రయాణికుడు ఎక్కకపోతే, లోడర్లు విమానం అడుగున దూరి, ట్యాగ్ చూసి మరీ అతని బ్యాగును దింపేస్తారు. విమానం ఆలస్యమైనా సరే. ఆ పట్టింపు వెనక ఉన్నది పౌర విమానయానంపై దేశాలు చేసుకున్న షికాగో ఒప్పందంలోని 17వ అనుబంధం. కనిష్క తర్వాత దాన్ని మరింత బిగించారు. ఇలాంటి నియమాలు రాసే పని మీద మీ అమ్మాయి మనసు పడింది. ఇందులో నవ్వడానికి ఏముందండీ?

ఇక డిప్లొమా. ఈ ఫ్యాషన్ నాకు మొదటి నుంచీ నచ్చదు. మాంట్రియల్లోని ఐకావోలో విధానాలు చూసే పోస్టులకు డిగ్రీతో పాటు ఏళ్ల అనుభవం అడుగుతారు. అక్కడ ఉద్యోగం ఇప్పిస్తామనే అధికారం ఏ ఇన్‌స్టిట్యూట్‌కూ లేదు. కావాలంటే ఏ పోస్టు, ఏ అర్హతతో ఇస్తారో కాగితం మీద రాసివ్వమనండి. ఎయిర్‌పోర్టులో పనికొచ్చే అవ్‌సెక్ (విమానయాన భద్రత) శిక్షణకైతే సాధారణంగా ఉద్యోగంలో చేరాక కంపెనీయే పంపిస్తుంది. దానికి మీరు అప్పు చేయక్కర్లేదు.

లా వైపే నా మొగ్గు. లా కోర్సులో చేరడానికి రాసే లాసెట్ సంగతి మీకు తెలిసిందే. ఐకావో ప్రమాణం పెడితే సరిపోదు, ఒక్కో దేశం దాన్ని తన చట్టంలోకి తెచ్చుకోవాలి. పాటించలేకపోతే ఆ తేడాను షికాగో ఒప్పందం 38వ అధికరణం కింద ఐకావోకు తెలపాలి. మన 2016 హైజాకింగ్ నిరోధక చట్టం కూడా 2010 బీజింగ్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ఒప్పందానికి తగ్గట్టు వచ్చిందే. ఇదంతా చట్టం చదివినవాళ్ల పని. తర్వాత అంతర్జాతీయ న్యాయంలో పీజీ చేయవచ్చు. పక్కన ఫ్రెంచ్ నేర్చుకుంటే ఇంకా మంచిది, అది ఐకావో పనిభాషల్లో ఒకటి. ఒకవేళ మాంట్రియల్ కుదరకపోయినా లా డిగ్రీ ఎక్కడికీ పోదు. కాబట్టి భయపడకండి.

ఒక్క మాట కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. చుట్టాలు ఏమన్నారో రాశారు, ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏమన్నారో రాశారు. అమ్మాయికి ఈ ఆలోచన ఎలా వచ్చిందో మాత్రం రాయలేదు. అడిగారా అసలు? డిగ్రీ పూర్తి చేస్తున్న పిల్ల ఆమె. ఈసారి ఉత్తరం తననే రాయమనండి.