కౌంట్‌ను జమీందారు అనవచ్చా?

సందేహం: ఆల్ప్స్ కొండల్లోని టిరోల్ చరిత్ర మీద వ్యాసం రాస్తూ 'కౌంట్ మైన్‌హార్డ్'ను 'జమీందారు మైన్‌హార్డ్' అన్నాను. మిత్రుడు నవ్వాడు. కౌంట్ అంటే శిస్తు లెక్కలు చూసేవాడనే కదా? కౌంటీని జిల్లా అనవచ్చా? ఆడవాళ్లయితే ఏమనాలి?

సమాధానం: మీ మిత్రుడు నవ్వకుండా చెప్పి ఉంటే బాగుండేది గానీ, ఆయన మాటే సరి.

లెక్కపెట్టే కౌంట్ వేరు, ఈ కౌంట్ వేరు. ఇంగ్లీషులో రెండూ ఒకేలా తయారయ్యాయి, అంతే. మొదటిది లాటిన్ 'కొంపుతారె' నుంచి వచ్చింది, కంప్యూటర్‌కూ అదే మూలం. రెండోది 'కొమెస్', అంటే వెంట నడిచేవాడు. రాజు వెంట ఉండే మనిషి క్రమంగా సీమకు ఏలిక అయ్యాడు. మన 'అనుచరుడు' కూడా వెంట నడిచేవాడే, పాపం వాడికి సీమ దక్కలేదు. అసలు టిరోల్‌లో వాడుక మాట కౌంట్ కాదు, జర్మన్ 'గ్రాఫ్'.

జమీందారు పారశీక పదం, భూమి గలవాడని అర్థం. మన వైపు 1802 శాశ్వత పైసలా (పర్మనెంట్ సెటిల్‌మెంట్) తర్వాత జమీందారంటే కుంపిణీకి పేష్కష్, అంటే ఏటా ఇంతని కప్పం, కట్టేవాడు. మైన్‌హార్డ్ అలాంటివాడు కాదు. టిరోల్ కౌంట్ ఆల్బర్ట్ 1253లో కొడుకుల్లేకుండా పోయాక, ఆ సీమ ఆయన కూతురి అత్తవారైన గొరిట్సియా వంశానికి చేరింది. ఆమె కొడుకే ఈ మైన్‌హార్డ్, 1258 నుంచి 1295 దాకా ఏలాడు. పేరుకు ట్రెంట్, బ్రిక్సెన్ బిషప్పుల ఆస్తులకు రక్షకుడు. చేతల్లో వాళ్ల అధికారాలు ఒక్కొక్కటే లాక్కున్నాడు, సొంత నాణేలు వేయించాడు, 1286లో కరింతియా అనే మరో సీమకు డ్యూక్ (కౌంట్ కంటే పై హోదా) కూడా అయ్యాడు.

మన శాసనాల్లో దీనికి దగ్గరి మాట 'మహామండలేశ్వరుడు'. కల్యాణి చాళుక్యుల కింద ఉన్నప్పుడు కాకతీయుల బిరుదు అదే. పైన చక్రవర్తి ఉంటాడు, కింద పెత్తనమంతా తనదే. అయినా వ్యాసంలో ప్రతిసారీ మహామండలేశ్వర మైన్‌హార్డ్ అంటే ఓరుగల్లు గుర్తొస్తుంది. 'కౌంట్' అనే ఉంచి, మొదటిసారి మాత్రం 'సీమ ప్రభువు' అని విప్పి చెప్పండి.

కౌంటీకి జిల్లా వద్దు, అది కలెక్టరు ఉండే చోటు. కౌంటీ అని వదిలేసినా అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఆస్తిపన్ను కట్టే కౌంటీయే తోస్తుంది. 'టిరోల్ సీమ' అనండి, హాయిగా ఉంటుంది.

ఇక స్త్రీల సంగతి. మైన్‌హార్డ్ మనవరాలు మార్గరెట్‌ను కౌంటెస్ అంటే చాలు. 'కౌంట్ గారి భార్య' అని మాత్రం రాయకండి, 1335లో తండ్రి పోయాక సీమ ఆమె వారసత్వం. 1341లో వేటకు వెళ్లిన భర్త తిరిగొచ్చేసరికి కోట తలుపులు మూయించి, ఆయన్ని సీమ దాటించింది! మరుసటి ఏడాదే మరొకరిని పెళ్లాడింది. కొడుకు చనిపోయాక 1363లో సీమను ఆస్ట్రియా ఏలే హాబ్స్‌బర్గ్ వంశానికి రాసిచ్చిందీ ఆమే. మైన్‌హార్డ్ కాలంలోనే ఓరుగల్లు ఏలిన రుద్రమను మన శాసనాలు 'రుద్రదేవ మహారాజు' అన్నాయి. మార్గరెట్‌కు మీరు మగపేరు పెట్టనక్కర్లేదు.

మరొక్క మాట. మనకు ఊరిపేరు ఇంటిపేరైనట్టే, వాళ్లకు కోటపేరు వంశం పేరైంది, తర్వాత సీమకంతటికీ అదే నిలిచింది. ఆ టిరోల్ కోట మెరానో దగ్గర, ఇప్పటి ఇటలీలో ఉంది. టిరోల్ పేరుగల రాష్ట్రం ఆస్ట్రియాలో ఉంది. వ్యాసంలో ఏ టిరోల్ అన్నది మొదటి పేరాలోనే తేల్చేయండి.