షిఫ్టు డ్యూటీ చేస్తూ పీజీసెట్‌కు చదవడం ఎలా?

ప్రశ్న: నేను 2021లో శ్రీకాకుళంలో తెలుగు మాధ్యమంలో బీఎస్సీ (ఎంపీసీ) పూర్తి చేసి, ప్రస్తుతం పైడిభీమవరంలోని ఒక మందుల కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. వారానికొకసారి షిఫ్టు మారుతుంది. కంపెనీ బస్సులో రానుపోను గంటన్నర పడుతుంది. పీజీ కోర్సుల ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ రాసి ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో గానీ, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గానీ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయాలని నా కోరిక. పరీక్షకు మూడు నెలలే ఉంది, రోజుకు రెండు గంటలు దొరకడమే గగనంగా ఉంది. ఉద్యోగం మానేసి చదువుకోమని నాన్న అంటున్నారు. కానీ తమ్ముడి చదువు నా జీతం మీదే నడుస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, లావేరు మండలం

జవాబు: ఉద్యోగం ఇప్పుడే మానవద్దు. నాన్నగారు మీ మేలు కోరే ఆ మాట అన్నారు, అందులో సందేహం లేదు. అయితే ఎమ్మెస్సీ అంటే రెండేళ్ల పాటు రోజూ తరగతికి వెళ్లవలసిన చదువు కాబట్టి, సీటు వచ్చిన రోజున ఈ ఉద్యోగం ఎలాగూ వదలవలసిందే. జీతం రాని ఆ రెండేళ్లకు ఈ మూడు నెలల జీతం అక్కరకు వస్తుందని ఆయనకు నిదానంగా చెప్పండి. పైగా ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నవారు రోజంతా పుస్తకం పట్టుకుంటారన్న నమ్మకం లేదు. డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పిన నా అనుభవంలో, ఖాళీ దొరికిన పిల్లల కన్నా గంటను లెక్కపెట్టుకుని వాడుకున్న పిల్లలే నిలకడగా చదవడం చూశాను.

ఇక పరీక్ష స్వభావం గ్రహించండి. పీజీసెట్‌లో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 54 సెకన్లు. తప్పు జవాబుకు మార్కులు తీసివేయరు గనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ఇంత తక్కువ వ్యవధిలో జవాబు గుర్తించాలంటే విషయం తెలిసి ఉంటే చాలదు, చేతికి అలవాటై ఉండాలి. ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ప్రథమ క్రమాంక చర్య అర్ధాయువు, అంటే పదార్థం సగం కావడానికి పట్టే కాలం, 20 నిమిషాలు, అది 87.5 శాతం పూర్తి కావడానికి ఎంత సమయం పడుతుందని అడిగారనుకోండి. సూత్రం గుర్తు తెచ్చుకుని లాగరిథమ్ వేసుకుంటూ కూర్చుంటే నిమిషంన్నర దాటిపోతుంది. మిగిలినది 12.5 శాతం, అంటే ఎనిమిదో వంతు, అంటే మూడుసార్లు సగమైంది, కాబట్టి 60 నిమిషాలు అని పట్టుకోగలిగితే పది సెకన్ల పని. ఈ చూపు పాఠాన్ని పదిసార్లు చదివినా రాదు, లెక్కలు చేసినప్పుడే వస్తుంది. అందువల్ల మీకున్న కొద్ది సమయంలో సగానికి పైగా ప్రశ్నలు చేయడానికే కేటాయించాలని గట్టిగా చెబుతున్నాను.

వచ్చే వారాంతపు సెలవు రోజున ఏమీ చదవకుండానే ఒక పాత ప్రశ్నపత్రం తీసుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని 90 నిమిషాలు రాయండి. మార్కులు తక్కువ వస్తాయి, దానికి బెంగపడవద్దు. ఒకప్పుడు వచ్చి ఇప్పుడు మరచిపోయిన ప్రశ్నలు, మొదటినుంచీ అర్థం కాని ప్రశ్నలు ఏవేవో విడదీయండి. మీ మూడు నెలలు ప్రధానంగా మొదటి రకానికి చెందాలి. కొద్దిపాటి శ్రమతో తిరిగి వచ్చే మార్కులు అక్కడే ఉన్నాయి. అర్థం కాని అధ్యాయాల్లో రెండో మూడో మాత్రమే ఎంచుకుని, మిగిలినవి నిస్సంకోచంగా పక్కన పెట్టండి.

షిఫ్టు మారుతున్నప్పుడు ప్రతిరోజూ ఒకే వేళకు చదవాలన్న నియమం పెట్టుకుంటే రెండో వారానికే అది చెడిపోతుంది. షిఫ్టును బట్టే పాఠం ఎంచుకోవాలి. మధ్యాహ్నం డ్యూటీ పడిన వారం మీకు బంగారం లాంటిది. ఉదయం తాజాగా ఉంటారు కాబట్టి కర్బన రసాయన చర్యావిధానాలు, ఉష్ణగతికశాస్త్రం వంటి బరువైన భాగాలను ఆ వారానికే ఉంచండి. ఉదయం డ్యూటీ వారంలో సాయంత్రానికి ఒళ్లు అలసి ఉంటుంది, అప్పుడు పాత ప్రశ్నలు చేయడం, అకర్బన రసాయనం తిరగేయడం వరకు పెట్టుకోండి. రాత్రి డ్యూటీ వారంలో ఇంటికి రాగానే పుస్తకం తెరవవద్దు. నిద్ర చాలని మనిషికి చదివినది నిలవదు. కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, సాయంత్రం ఒక గంట చదివినా ఆ వారానికి అది చాలు. ఇంట్లో సందడిగా ఉంటే సెలవు రోజున శ్రీకాకుళంలోని గ్రంథాలయానికి వెళ్లి కూర్చోండి.

బస్సులో ఫోను చూస్తూ చదవడం కన్నా కళ్లు మూసుకుని నెమరు వేసుకోవడం మేలు. ఉదాహరణకు, స్పిన్ అయస్కాంత భ్రామకాలకు సంబంధించి జతకూడని ఎలక్ట్రాన్లు ఒకటి నుంచి అయిదు వరకు ఉన్నప్పుడు వరుసగా 1.73, 2.83, 3.87, 4.90, 5.92 బోర్ మాగ్నెటాన్లు (అయస్కాంత భ్రామకాన్ని కొలిచే ప్రమాణం) అన్న అయిదు అంకెలు నోటికి వస్తే, ఆ రకం ప్రశ్నకు మీరు లెక్క చేయనక్కరలేదు. నీటి అణువులు చుట్టూ ఉన్న ఫెర్రస్ అయానుకు 4.90 ఎందుకు, అదే ఇనుము ఫెర్రోసైనైడ్‌లో సున్నా ఎందుకు అని మీలో మీరే చెప్పుకోండి. సైనైడ్ బలమైన లైగాండ్ (లోహ అయాను చుట్టూ చేరి దానితో బంధం ఏర్పరచుకునేది) కాబట్టి ఆరు డి ఎలక్ట్రాన్లూ జతకూడిపోతాయని తడుముకోకుండా చెప్పగలిగితే ఆ పాఠం మీకు వచ్చినట్లే. తడబడిన చోటును ఇంటికి వచ్చాక పుస్తకంలో చూసుకుంటే చాలు.

మీ ఉద్యోగం చదువుకు అడ్డమనే మీరు రాశారు గానీ, ఆ ల్యాబే మీకు ఒక పాఠ్యపుస్తకం. మిశ్రమంలోని పదార్థాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ పరికరంలో సి18 కాలమ్ మీద ధ్రువత ఎక్కువున్న పదార్థం సాధారణంగా ముందుగా బయటికి ఎందుకు వస్తుందో, కార్ల్ ఫిషర్ టైట్రేషన్‌లో నీటిని కొలవడానికి అయోడిన్ ఎందుకు కావలసి వచ్చిందో, యూవీ (అతినీలలోహిత కాంతి) పరీక్షలో ద్రావణం గాఢత పెరిగితే కాంతి శోషణ ఎందుకు పెరుగుతుందో రోజుకొకటి చొప్పున కారణంతో సహా రాసుకోండి. వైశ్లేషిక రసాయనంలో రోజూ ఈ పనిచేసే మీకు ఉన్న పట్టు, కేవలం పుస్తకంలో చదివినవారికి రావడం కష్టం.

తెలుగు మాధ్యమం గురించి మీరు అడగలేదు కానీ చెప్పవలసి ఉంది. ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నను చదివి వెంటనే పోల్చుకోవడంలోనే మీకు సెకన్లు ఖర్చవుతాయి. ఒక చిన్న నోటుపుస్తకంలో అర్ధాయువు ఎదురుగా హాఫ్ లైఫ్, చర్యా క్రమాంకం ఎదురుగా ఆర్డర్, అణుత ఎదురుగా మాలిక్యులారిటీ, ఉత్ప్రేరకం ఎదురుగా కాటలిస్ట్ అని, పాత ప్రశ్నల్లో ఎదురైన మాటలను ఎదురైనట్లే రాసుకోండి. భావం మీకు తెలుసు, పేరు మాత్రమే కొత్త, కాబట్టి దీనికి భయపడనవసరం లేదు.

2024, 2025 సంవత్సరాల్లో ఈ పరీక్ష జూన్ నెలలో జరిగింది. ఆఖరి నెలలో ప్రతి సెలవు రోజునా ఒక పూర్తి ప్రశ్నపత్రం రాయండి. కంపెనీలో మీరు పెట్టుకోగల సెలవులను ఇప్పుడు వాడకుండా పరీక్ష ముందు పది రోజులకు దాచుకోండి. పరీక్ష వారంలో రాత్రి డ్యూటీ పడకుండా షిఫ్టు మార్చుకునే సహోద్యోగిని ఇప్పుడే వెతికి పెట్టుకుని, తేదీలు ప్రకటించగానే మీ షిఫ్టు ఇన్‌చార్జికి ఆ విషయం రాతపూర్వకంగా తెలియజేయండి.