ధ్రువకాంతుల మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే వెలుగుల (అరోరాల) మీద నీ చిత్తుప్రతి చదివాను. భాష బాగుంది. మొదటి రెండు పేజీల పురాణగాథలూ రంగుల వర్ణనా మాత్రం తీసెయ్యి. ఆ ఫొటోలు ఫోన్లలో అందరూ చూసేశారు. రాకెట్లు లేని రోజుల్లో, నేల మీద నిలబడి, అంత ఎత్తున జరిగేదాని కారణం ఎలా పట్టుకున్నారన్నది చాలామందికి తెలియదు. నీ వ్యాసం అదే కావాలి. ఏ సిద్ధాంతం దగ్గరికొచ్చినా, దాన్ని ఏ కొలత నిలబెట్టింది, ఏ కొలత పడగొట్టింది అని అడుగు. జవాబు లేని పేరా కొట్టెయ్యి.

1741తో మొదలుపెట్టు. స్వీడన్‌లోని ఉప్సాలాలో సెల్సియస్ (అవును, థర్మామీటరు సెల్సియసే), ఆయన సహచరుడు హియోర్టర్ దిక్సూచి ముల్లును గంటగంటకూ చూసి రాసుకునేవారు. కాంతి కనిపించిన రాత్రుళ్లు ముల్లు చలించేది. లండన్‌లో గ్రాహం రాసుకున్న లెక్కలతో పోలిస్తే, ఏప్రిల్ 5న అక్కడా ముల్లు కదిలినట్టు తేలింది. ఉప్సాలాలో ఏదో ఇనుము చేసిన పని కాదన్నమాట. ఇక్కడ తేదీలతో జాగ్రత్త. అప్పటికి ఆ రెండు దేశాల్లోనూ పాత (జూలియన్) క్యాలెండరే. తోకచుక్క హేలీ వర్ణించిన 1716 నాటి కాంతి లండన్ లెక్కలో మార్చి 6, ఇప్పటి (గ్రెగోరియన్) లెక్కలో మార్చి 17. రెంటినీ కలిపేస్తే ఒక్క రాత్రి రెండు రాత్రులవుతుంది.

స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్‌ను నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి. ధ్రువకాంతి అంటే మంచు మీద పడి తిరిగొచ్చే ఎండే అయితే, దాని వర్ణపటం (వెలుగును విడదీస్తే వచ్చే రంగుల పట్టీ) సూర్యుడిదిలాగే ఉండాలి. 1867లో ఆయన వెలుగును అలా విడదీసే స్పెక్ట్రోస్కోపు పెట్టి చూస్తే, ప్రధానంగా పసుపు కలిసిన ఒక్క ఆకుపచ్చ గీత. దాంతో ఆ వాదన పోయింది. కానీ ఆ గీత ఏ మూలకానిదో ఎవరికీ అంతుపట్టలేదు. 1924లో నార్వే శాస్త్రవేత్త వెగార్డ్ అది గడ్డకట్టిన నత్రజని రేణువులదన్నాడు. మరుసటి ఏడు టొరంటోలో మెక్‌లెన్నన్, ష్రమ్ ఆక్సిజన్‌లో హీలియం కలిపి విద్యుత్తు పంపి, అదే గీత రప్పించారు. ఇంత ఆలస్యం ఎందుకయిందో తప్పక రాయి: ఉత్తేజితమైన ఆక్సిజన్ పరమాణువు ఆ వెలుగు విడవడానికి సుమారు ముప్పావు సెకను పడుతుంది. మామూలు గాలిలో అంతలోపే ఇంకేదో వచ్చి దాన్ని గుద్దేస్తుంది, శక్తి అక్కడికే ఖర్చయిపోతుంది. వంద కిలోమీటర్ల పైన గాలి పలుచన కాబట్టి దానికి ఆ వ్యవధి దొరుకుతుంది.

ఆ వంద కిలోమీటర్లూ ఎక్కడివని పాఠకుడు అడుగుతాడు. 1910లో గణితవేత్త స్టోర్మర్ నార్వేలోని బోసెకోప్ దగ్గర 4.3 కి.మీ. ఎడంలో రెండు కెమెరాలు పెట్టి, మధ్య టెలిఫోను ఉంచి, ఇద్దరూ ఒకే క్షణంలో ఫొటో తీసేలా చేశాడు. రెండు ప్లేట్లలోనూ అవే నక్షత్రాలు పడతాయి. వాటి మీదుగా కాంతి ఎంత జరిగిందో కొలిస్తే ఎత్తు వస్తుంది. 1913లో ఆ ఎడాన్ని సుమారు 27 కి.మీ. చేశాడు. ఎందుకో లెక్కతోనే చూపించు. నడినెత్తిన 100 కి.మీ. ఎత్తులో ఉన్న కాంతి, 4.3 కి.మీ. ఎడంలో దాదాపు రెండున్నర డిగ్రీలు జరుగుతుంది. ఉదాహరణకు ఒక డిగ్రీ తక్కువగా కొలిచామనుకో, ఎత్తు సుమారు 168 కి.మీ. అని వస్తుంది. 27 కి.మీ. ఎడంలో అదే పొరపాటుకు 107 వస్తుంది. ఇలాంటి లెక్క ఒక్కటి ఉంటే చాలు, రెండో పట్టిక పెట్టకు.

నార్వే భౌతిక శాస్త్రవేత్త బిర్కెలాండ్‌ను కథానాయకుణ్ని చేశావు, తగ్గించు. గాలి తీసేసిన గాజుపెట్టెలో, లోపల విద్యుదయస్కాంతం, పైన మెరిసే పూత ఉన్న గోళం మీదికి కాథోడ్ కిరణాలు (ఎలక్ట్రాన్ల ధార) వదిలితే ధ్రువాల చుట్టూ వలయాలు వెలిగాయి. అది చక్కటి ప్రయోగమే, కానీ సూర్యుడి నుంచి నిజంగా ఎలక్ట్రాన్లు అలా వస్తున్నాయనడానికి రుజువు కాదు. ఒకే విద్యుదావేశం ఉన్న కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుని దారిలోనే చెదిరిపోతాయని 1911లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త షుస్టర్ అన్నాడు. ఆ అభ్యంతరాన్ని దాచకు. తర్వాత బిర్కెలాండే రెండు రకాల ఆవేశాలూ కలిసి వస్తాయనే ఆలోచనకు వచ్చాడు.

ఫిన్లాండ్ శాస్త్రవేత్త లెమ్‌స్ట్రామ్ కొండ మీద తీగలు పరిచి కృత్రిమ కాంతి పుట్టించానన్న కథ నీకు బాగా నచ్చినట్టుంది. ఉంచుకో, కానీ డెన్మార్క్ పరిశోధకుడు ట్రోమ్‌హోల్ట్ ఐస్‌లాండ్‌లో అలాగే చేసి చూస్తే ఏమీ రాలేదన్న మాట కూడా పక్కనే ఉండాలి.

మన దేశం ప్రస్తావన కోసం చివర్లో ఏదో అతికించావు. దానికి బదులు బొంబాయిలోని కొలాబా వేధశాల ఉంది. ఇంగ్లండ్ ఖగోళవేత్త కారింగ్టన్ 1859 సెప్టెంబరు 1న సూర్యుడి మీద మెరుపు చూశాడు, మర్నాడు కొలాబాలో అయస్కాంత క్షేత్రం సుమారు 1600 నానోటెస్లాలు (ఆ క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) పడిపోయింది. అక్కడ నమోదైంది అయస్కాంత మార్పు. ఆ రాత్రి బొంబాయి ఆకాశం ఎర్రబడిందని మాత్రం రాయకు.